రాతి చుట్టిల్లు

గుంటుపల్లి కొండలోని చైత్యగుహకు వాసాలతో పనిలేదు. కొండే దానికి కప్పు. అయినా లోపల నిలబడి తలెత్తి చూస్తే, బోర్లించినట్టున్న పైకప్పు నిండా వాసాలు, వాటిని పట్టి ఉంచుతున్నట్టు గుండ్రంగా తిరిగిన పట్టెలు కనిపిస్తాయి. అన్నీ ఇసుకరాతిలో చెక్కినవే. గుమ్మం మీద గుర్రపు నాడా ఆకారంలో ఒక కమాను. దాని కిందా కర్రల కొసలు బయటికి తొంగిచూస్తున్నట్టే మలిచారు. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దం నాటి పని అంటారు పండితులు. మనకు అంత పాతదిగా తోచే ఆ గుడి, కట్టిన రోజునే అంతకుముందటి కర్ర ఇళ్లను తలుచుకుంటూ పుట్టిందన్నమాట.

రాజమండ్రిలో బయలుదేరి గోదావరి దాటి, కొవ్వూరు, దేవరపల్లి, ద్వారకా తిరుమల మీదుగా కామవరపుకోట వైపు వెళ్లాలి. వరిచేలు వెనకబడి మెట్ట మొదలవుతుంది. పామాయిలు, జీడిమామిడి తోటలు వస్తాయి. కొండ కింద ఊరు జీలకర్రగూడెం. 2022 నుంచి ఇది ఏలూరు జిల్లా. మా తరం నోట మాత్రం ఇంకా పశ్చిమ గోదావరే.

కారు నడిపింది మా పెదనాన్నగారి అబ్బాయి. "వెంకన్న దర్శనం అయ్యాక ఎవడైనా ఇంటికెళ్లి భోంచేసి పడుకుంటాడు. అమెరికా నుంచి వచ్చి రాళ్లు చూడ్డమేంట్రా?" అని దారంతా విసుక్కున్నాడు. గుహలోకి వంగి దూరాక ఆయన మాట ఆగిపోయింది. స్తూపం చుట్టూ ఉన్న ఇరుకు దారిలో ఒక ప్రదక్షిణ చేసి, పైకి చూసి, "ఒరేయ్, ఇది చుట్టిల్లురా! నిట్రాట ఉండాల్సిన చోట స్తూపం పెట్టారంతే" అన్నాడు. పురావస్తు పుస్తకాలు ఎన్ని తిరగేసినా ఇంత సూటిగా చెప్పిన వాక్యం నాకు తగల్లేదు.

మన కోస్తాలో చుట్టిళ్లు చూసినవాళ్లకి వివరించక్కర్లేదు. గుండ్రటి మట్టిగోడ, దాని మీద గొడుగులా దిగిన తాటాకు కప్పు. చూరు ఎంత కిందికంటే లోపలికి వెళ్లేవాడు నడుం వంచాల్సిందే. సముద్రపు గాలికి పట్టు దొరక్కుండా ఉండడానికే ఆ ఆకారం. 1996 నవంబరు తుపాను కోనసీమను ఊడ్చేశాక పక్కా ఇళ్లూ శ్లాబులూ పెరిగాయి, తాటాకు తగ్గింది. శ్లాబు కింద ప్రాణానికి ధీమా ఎక్కువ కాబట్టి దాన్ని తప్పుపట్టను. కానీ చుట్టిల్లు కట్టే చేతులు మాత్రం తక్కువైపోయాయి.

బీహారులోని బరాబర్ కొండల్లో లోమశ ఋషి గుహ గుమ్మం మీదా ఇలాంటి కమానే ఉంది. అక్కడిది నున్నగా మెరుగుపెట్టిన గ్రానైటు. మనది ఎండకీ వానకీ అరిగే రాయి. అంచులు కరిగి, కొన్ని గీతలు మాసిపోయాయి. నాకు మనదే నచ్చింది, ఊరి అభిమానం అనుకోండి.

కొండ మీద చూడాల్సింది ఇంకా చాలా ఉంది. రాతిని తొలిచిన విహారాలున్నాయి, ఇటుక చైత్యపు పునాదులున్నాయి, వరుసగా మొక్కుబడి స్తూపాలున్నాయి. బ్రాహ్మీ శాసనాల్లో ఈ కొండ పేరు మహానాగపర్వతం. మెట్లు కట్టించి దానమిచ్చిన సంగతీ రాతి మీదే ఉంది. ఈ సావనీరు చివరి పేజీల్లో దాతల పేర్లు వెతుక్కునేవాళ్లు ఆ శాసనం దగ్గర కాసేపు ఆగితే బాగుంటుంది! పందొమ్మిదో శతాబ్దం చివర్లో అలెగ్జాండర్ రే ఇక్కడ తవ్వకాలు జరిపించారు.

అయితే అంతకు ముందు ఈ చోటు మరుగున పడిందని అనలేం. గుహలోని స్తూపాన్ని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ధర్మలింగేశ్వరస్వామిగా కొలుస్తున్నారు. భిక్షువులు పోయాక కూడా పూజ అందింది. కోనసీమలో మామిడికుదురు దగ్గరి ఆదుర్రు స్తూపాన్నీ అక్కడివాళ్లు దుబరాజు గుడి అంటారు. ఇవి నిలబడడంలో ఆ భక్తులకూ పాలుందని నా నమ్మకం. దేవుడున్న గుట్టను పలుగుతో పొడవడానికి ఎవరికైనా చెయ్యి ఆడదు.

మన సంఘం సంక్రాంతికి హాల్లో ఏటా ఒక పూరిల్లు కడుతుంది. థర్మోకోల్ గోడలు, ప్లాస్టిక్ గడ్డి. పిల్లలు దాని ముందు ఫొటోలు దిగుతారు. ఇంతకాలం నేనూ పెదవి విరిచినవాణ్ణే. గుంటుపల్లి చూశాక ఆ విమర్శ చేయలేకపోతున్నాను. గడ్డి ఇంటిని గడ్డి లేకుండా కట్టుకోవడం మన దగ్గర రెండువేల ఏళ్ల నాటి అలవాటే మరి. అలంకరణ కమిటీకి ఒక్క విన్నపం: వచ్చే ఏడు ఇల్లు గుండ్రంగా కట్టండి. చూరు బాగా దించండి, అధ్యక్షులవారు కూడా నడుం వంచే లోపలికి రావాలి. వాసాలు ఎలా పెట్టాలో తెలియకపోతే మా అన్నయ్యకు ఫోన్ చేయండి, అక్కడ రాత్రి అయినా సరే ఎత్తుతాడు.