ఇంగ్లండు సంబంధము – నిఖా

లింగంపల్లి ప్రాంతపు ఉద్యోగుల కుటుంబములలో విదేశసంబంధముల మాట తరచు వినబడుచున్నది. ఇంగ్లండు వరుడు కుదిరిన ముసల్మాను సోదరి, మెహరు ఎంతయని అడుగుటకు ముందు, నిఖా ఏ దేశమున జరుగునని అడుగవలెను.

ఇచ్చట ఖాజీగారు సాక్షుల యెదుట చేయించిన నిఖా చెల్లును. ఇంగ్లండు న్యాయస్థానములును దానిని సామాన్యముగ అంగీకరించును. ఆ దేశముననే రిజిస్ట్రేషను లేక ఇంటిలోనో హోటలులోనో జరిగిన నిఖా మాత్రము అచ్చటి చట్టరీత్యా వివాహమే కాదు.

1998లో లండనునందలి సౌతాల్‌లో, ఒక భోజనశాలయందు ఇట్టి నిఖా జరిగెను. చట్టరీత్యా కూడ వివాహమాడుదమని భార్య పలుమారు కోరెను. భర్త దాటవేయుచు వచ్చెను. నలుగురు బిడ్డలు కలిగిరి. 2016లో విడిపోయిరి. ఆమె విడాకులకు అర్జీ పెట్టుకొనగా, అసలు చెల్లుబాటగు పెండ్లియే జరుగలేదని అతడు వాదించెను! 2018లో హైకోర్టు ఆమె పక్షమున తీర్పు చెప్పినను, 2020 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టు దానిని త్రోసివేసెను.

అచ్చటి షరియా మండలుల నాశ్రయించువారిలో నూటికి తొంబదిమందికి పైగా స్త్రీలేనని, ప్రభుత్వము నియమించిన విచారణసంఘము 2018లో తెలిపినది. మతరీత్యా విడాకులు దొరకవచ్చును గాని, ఆ మండలుల మాటకు చట్టబలము లేదు.

విడాకులు పొందిన ముసల్మాను స్త్రీయు సాధారణ చట్టము క్రింద మనోవర్తి కోరవచ్చునని, 2024 జూలై 10న మన సుప్రీముకోర్టు ఒక తెలంగాణ వ్యాజ్యములోనే తీర్పు చెప్పినది. ఆ తీర్పు సముద్రము దాటదు.

కావున నిఖా అచ్చటనే యన్నచో, రిజిస్ట్రారు యెదుటి వివాహము అంతకు ముందో, ఆ దినముననో జరుగవలెనని పెద్దల సమక్షమున నిశ్చయించుకొనుడు. ఇచ్చట జరిగినచో నిఖానామా ప్రతి వధువు పెట్టెలో ఉండవలెను. అత్తగారి బీరువాలో కాదు.