కొత్త కటకంతో మూడు నెలలు

2023వ సంవత్సరం నవంబరు నెలలో మా కుడికంటి శుక్లాన్ని తొలగించి, దాని స్థానంలో కృత్రిమ కటకాన్ని అమర్చారు. ఆరు వారాల అనంతరం ఎడమకంటికి కూడా అదే చికిత్స జరిగింది. ఒక్కొక్క కంటికి పట్టిన కాలం అరగంట లోపే. నొప్పి అన్న మాట లేదు. మరునాటి ఉదయం కంటి మీది కవచం తీసి చార్టు ముందు కూర్చోబెడితే, చిన్న అక్షరాల వరుసను తడబడకుండా చదివాము. చూపు 6/6 అని కాగితం మీద వ్రాసి ఇచ్చారు. వైద్యులు సంతోషించారు, మేమూ సంతోషించాము.

ఇంతవరకు పాఠకులలో చాలామందికి తెలిసిన కథే. ఏభై దాటిన సహోద్యోగులలో ఈ చికిత్స చేయించుకొన్నవారు ప్రతి విభాగంలోనూ కనిపిస్తారు. "ఎలా ఉన్నది?" అని అడిగితే "బ్రహ్మాండంగా ఉన్నది" అంటారు. అది నిజమే. కాని, కొత్త చూపు కుదురుకొనే వరకు కొన్ని వారాలపాటు కంటికి తోచే వింతలను గురించి ఎవరూ చెప్పరు. చెప్పకపోవడానికి కారణం మొహమాటం. ఆ మొహమాటం వల్లనే మేము ఒక పొరపాటు చేశాము. అటువంటిది మరొకరు చేయరాదన్న తలంపుతో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

నీలిమందు పెట్టిన గోడ

ఇంటికి వచ్చిన రెండవ రోజు సాయంత్రం, మా క్వార్టరు హాలులో కూర్చొని ఒక కన్ను మూసి ఒక కన్ను తెరిచి ఎదుటి గోడను పరిశీలిస్తున్నాము.

"ఏమండీ, ఆ గోడతో ఏం పని? కంటికి విశ్రాంతి ఇవ్వమన్నారు కదా!" అని మా శ్రీమతి మందలించింది.

"దీనికి ఎవరైనా నీలిమందు కలిపి సున్నం వేశారా?" అని అడిగాము.

"మూడేళ్ళుగా ఆ గోడను ముట్టుకొన్నవారే లేరు" అన్నది.

ఎడమకంటితో చూస్తే ఆ గోడ పాత దినపత్రిక కాగితంలా పసుపు వన్నెలో ఉన్నది. కుడికంటితో చూస్తే ఉతికి నీలిమందు పెట్టిన పంచెలా మెరుస్తున్నది. గోడ ఒక్కటే; మారినది కన్ను. వయస్సుతోపాటు మన సహజ కటకం క్రమంగా పసుపు రంగుకు తిరిగి, నీలి కిరణాలను అడ్డగిస్తుంది. ఈ మార్పు ఏళ్ళ తరబడి మెల్లగా జరుగుతుంది కనుక, మెదడు ఎప్పటికప్పుడు లెక్క సరిచేసుకొంటుంది. మనకు తెలియనే తెలియదు. ఆ పసుపు వడపోత ఒక్కరోజులో తొలగిపోయేసరికి, పాత లెక్క ప్రకారం లోకమంతా నీలంగా తోస్తుంది. సుప్రసిద్ధ ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనే 1923లో కుడికంటి శుక్లం తీయించుకొన్న తరువాత ఈ నీలం చూచి ఎంతో బాధపడ్డాడు. కొంతకాలం రంగు అద్దాలు ధరించాడు. మా మట్టుకు మాకు ఈ తేడా కొద్ది వారాలలో తగ్గిపోయింది. రెండవ కంటికి కూడా చికిత్స అయ్యాక అసలు గుర్తుకే రాలేదు.

కణత వైపు నీడ

మూడవ రోజున కనిపించినది మాత్రం మమ్ములను కలవరపెట్టింది. కుడికంటి బయటి అంచున, కణత వైపున, నెలవంక ఆకారంలో ఒక నల్లని నీడ నిలిచి ఉన్నది. కళ్ళద్దాల ఫ్రేము కాబోలునని చేతితో తడిమి చూచాము. కళ్ళద్దాలు బల్ల మీదనే ఉన్నాయి. పట్టపగటి వెలుతురులో ఆ నీడ మరింత స్పష్టంగా తోచేది. రాత్రివేళ వేరొక వింత. పక్కనుంచి దీపపు కాంతి పడితే కంటిలో విల్లులాంటి ఒక మెరుపు గీత. ఎదురుగా వచ్చే వాహనాల దీపాల చుట్టూ వలయాలు.

వెంటనే ఆసుపత్రికి ఫోను చేయవలసినది. చేయలేదు. 6/6 చూపు వచ్చిన మనిషి, పట్టుమని వారం తిరగకుండా నీడలు కనిపిస్తున్నాయని వెళితే వైద్యులు ఏమనుకొంటారు? ఆఫీసులో ఏమనుకొంటారు? అనుమానపు మనిషి అనుకోరా? ఇదీ మా ఆలోచన. పదవ రోజున ఎవరికీ ఏమీ చెప్పకుండా విధులలో చేరిపోయాము.

దొరకని మెట్టు

ఆ తరువాతి వారంలో ఒక సాయంత్రం, ఆవిరి లీకేజి పరిశీలించడానికి బాయిలరు మీదికి ఎక్కి, తిరిగి దిగుతున్నాము. అవి ఇనుప జాలీ మెట్లు. నేలకు ఇరవై మీటర్ల ఎత్తు. మలుపు దగ్గరి ఫ్లడ్‌లైటు వెలుతురు కుడికంటిలో అడ్డంగా గీతలా పరచుకొన్నది. ఉన్నదనుకొన్న చోట మెట్టు లేదు. వెనుకనే వస్తున్న కుర్ర టెక్నీషియన్ "సార్, మెట్టు!" అంటూ భుజం పట్టుకొన్నాడు. మా ఎడమచేయి రెయిలింగును వదలలేదు కనుక సరిపోయింది.

ఆ అబ్బాయి మరేమీ అనలేదు. నేల మీదికి వచ్చేవరకు మాకు ఒక మెట్టు ముందుగా తాను నడిచాడు. ప్రతి సంవత్సరం మార్చి 4న జాతీయ భద్రతా దినోత్సవ వేదిక మీద, తృటిలో తప్పిన ప్రమాదాన్ని కూడా రిజిస్టరులో వ్రాయాలని ఉపన్యసించినవారం మేము. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. తెల్లవారగానే ఆ సంఘటనను రిజిస్టరులో నమోదు చేసి, అటునుంచి అటే ఆసుపత్రికి వెళ్ళాము.

అరచేతి పరీక్ష

డాక్టరుగారు చెప్పినదంతా ఓపికగా విన్నారు. "కుడి కణత దగ్గర అరచేయి అడ్డుపెట్టి చూడండి" అన్నారు. పెట్టాము. నీడ మాయమైంది! అడ్డు పెడితే చీకటి పెరగాలి గాని తగ్గడమేమిటి? ముప్పై ఏళ్ళ ఇంజనీరింగు అనుభవానికి అది అంతుపట్టలేదు. ఆ తరువాత చుక్కల మందు వేసి, కనుపాపను పెద్దది చేసి, రెటీనాను అంచుల వరకు పరీక్షించారు. అది క్షేమంగా ఉన్నదని నిర్ధారించుకొన్న పిమ్మట, కాగితం మీద బొమ్మ గీసి విషయం వివరించారు.

మన సహజ కటకం వ్యాసం 9 నుంచి 10 మిల్లీమీటర్లు. మందం 4 మిల్లీమీటర్లకు పైమాటే. అమర్చే కటకం వ్యాసం సుమారు 6 మిల్లీమీటర్లు. మందం ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ. మూడు మిల్లీమీటర్ల లోపు కోత గుండా మడిచి లోపలికి పంపాలంటే అంతకంటె పెద్దది కుదరదు. ఈ చిన్న కటకానికీ కనుపాపకూ నడుమ కొంత ఖాళీ మిగులుతుంది. కణత వైపునుంచి ఏటవాలుగా వచ్చే కిరణాలలో కొన్ని కటకం గుండా వంగి రెటీనా మీద ఒకచోట పడతాయి. మరికొన్ని ఆ ఖాళీ గుండా కటకాన్ని తప్పించుకొని వేరొకచోట పడతాయి. రెంటికీ మధ్య వెలుతురు సోకని సన్నని పట్టీ మిగిలిపోతుంది. ఆ నీడకు నేడు ఎక్కువగా అంగీకరిస్తున్న వివరణ ఇదే. అరచేయి అడ్డుపెడితే అవతలి వెలుతురు ఆగిపోతుంది. నీడకు ఒకవైపు హద్దు చెరిగిపోతుంది. హద్దు లేని నీడను కన్ను గుర్తించదు.

రాత్రి కనిపించే మెరుపు గీతలకు కారణం కటకపు అంచు. ఆ అంచును నలుచదరంగా, పదునుగా తయారు చేస్తారు. అందువల్ల అక్కడ పడిన కాంతి చెదిరి పరావర్తనం చెందుతుంది. "మరి అంచును గుండ్రంగా చేయరాదా?" అని అడిగాము. కటకం వెనుక మిగిల్చిన సహజ పొర మీదికి కణాలు ప్రాకి వచ్చి మళ్ళీ మసక కమ్మకుండా ఆ పదునైన అంచే అడ్డుకట్ట వేస్తుందట. ఒక లాభం కోసం ఒక చిన్న నష్టానికి ఒప్పుకోవడం ఇంజనీర్లకు కొత్త కాదు. మా మనస్సు సగం తేలికపడినది అక్కడనే.

1949 నవంబరు 29న లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో హెరాల్డ్ రిడ్లీ అనే వైద్యుడు మొట్టమొదటిసారి మనిషి కంటిలో కృత్రిమ కటకాన్ని పెట్టాడు. యుద్ధవిమానాల కాక్‌పిట్ పైకప్పు పగిలి, ఆ ప్లాస్టిక్ ముక్కలు పైలట్ల కళ్ళలో గుచ్చుకొన్నా కన్ను వాటిని సహించడం గమనించి, ఆ జాతి పదార్థంతోనే కటకం చేయించాడు. అప్పటినుంచి పదార్థాలు మారాయి, ఆకారాలు మారాయి. అయినా కన్ను తనకు తాను పెంచుకొన్న కటకానికీ మనం తయారుచేసిన దానికీ తేడా ఉండనే ఉంటుంది.

టర్బైన్ హాలు హోరు

"ఈ నీడ పోతుందా?" అన్నది మా అసలు ప్రశ్న. రాబర్ట్ ఆషర్ అనే అమెరికను నేత్రవైద్యుడు 2008లో ప్రచురించిన అధ్యయనంలో, చికిత్స మరునాడు ఈ నీడ ఉన్నదని చెప్పినవారు నూటికి సుమారు 15 మంది. సంవత్సరం తరువాత మిగిలినవారు సుమారు ముగ్గురు. మిగతావారి కటకాలను ఎవరూ మార్చలేదు. వారి మెదళ్ళు ఆ నీడను పట్టించుకోవడం మానివేశాయన్నది ఒక ముఖ్యమైన కారణం.

మనలో టర్బైన్ హాలులో పనిచేసినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. కొత్తగా చేరిన ట్రైనీకి అక్కడి హోరు భరించరానిది. నెల తిరిగేసరికి అతనికి ఆ హోరు వినిపించదు. అది తగ్గలేదు, మెదడు దానిని పక్కకు పెట్టినది. కాని హోరులో రవంత మార్పు వచ్చినా అదే ట్రైనీ ఉలిక్కిపడి గేజీల వైపు చూస్తాడు. కంటి విషయంలోనూ అంతే. నీడను పదేపదే వెతుక్కొంటూ కూర్చొంటే మెదడుకు దానిని మరచిపోయే అవకాశం ఉండదు. వెడల్పాటి కాడలు గల కళ్ళద్దాలు కణత వైపు వెలుతురును ఆపి కొంత సాయం చేస్తాయి. నెలలు గడచినా బాధ తగ్గనివారికి కటకాన్ని మార్చడం వంటి మార్గాలు ఉన్నాయి గాని, ఆ అవసరం కొద్దిమందికే కలుగుతుంది.

25 సెంటీమీటర్ల వరం

మాకు రెండు కళ్ళకూ మైనస్ 4 డయాప్టర్ల హ్రస్వదృష్టి ఉండేది. అటువంటి కంటికి అద్దాలు తీసివేస్తే సరిగా 25 సెంటీమీటర్ల దూరంలోని వస్తువు స్పష్టంగా కనిపిస్తుంది. వెర్నియర్ గీతలను, బేరింగు మీది సన్నని పగుళ్ళను మేము జీవితమంతా అట్లాగే చూచాము. దూరపు చూపుకు కుదిర్చిన కటకం పెట్టగానే ఆ వరం పోయింది. ఇప్పుడు 40 సెంటీమీటర్ల దూరంలో పుస్తకం చదవాలంటే ప్లస్ 2.5 అద్దం కావాలి. ఆ దగ్గరి చూపు పోతుందని మాకు ముందుగా తట్టలేదు. కనుక చికిత్సకు ముందే మీరు చేసే పని ఎటువంటిదో, ఏ దూరంలో చూడవలసి ఉంటుందో, రాత్రి వాహనం నడుపుతారో లేదో వైద్యులకు వివరంగా చెప్పండి. దూరాన్నీ దగ్గరనూ ఒకే కటకంతో చూపించే రకాలు కూడా ఉన్నాయి. అవి కాంతిని పంచి పనిచేస్తాయి కనుక రాత్రివేళ దీపాల చుట్టూ వలయాలు ఎక్కువ.

రెండు చికిత్సల నడుమ ఆరు వారాలు మరింత జాగ్రత్త అవసరం. ఒక కంటికి అద్దం అక్కరలేదు. రెండవ కంటికి మైనస్ 4 అద్దం కావాలి. ఆ అద్దం వస్తువును కొంచెం చిన్నదిగా చూపుతుంది. రెండు కళ్ళ బొమ్మలు కలవవు. లోతు అంచనా తప్పుతుంది. ఆ సాయంత్రం మాకు మెట్టు దొరకకపోవడంలో మెరుపు గీత పాలు ఎంతో, ఈ తేడా పాలూ అంతే.

వేచి ఉండవలసినవి, వేచి ఉండరానివి

నీలి ఛాయ, కణత వైపు స్థిరంగా నిలిచే నీడ, దీపాల వద్ద గీతలు, వలయాలు: వీటిని వైద్యులకు ఒకసారి చూపించుకొని, ఆపైన ఓపిక పట్టవచ్చును. కాని ఉన్నట్టుండి నల్లని చుక్కలు జల్లులా రాలినా, చీకటిలో సైతం మెరుపులు తళుక్కుమన్నా, తెర దించినట్టు నీడ నానాటికీ లోపలికి జరుగుతున్నా, కన్ను ఎర్రబడి నొప్పి పుట్టినా, వచ్చిన చూపు తగ్గుతున్నా గంట సేపైనా ఆలస్యం చేయరాదు. అవి రెటీనా ఊడుటకో, లోపల చీము పట్టుటకో సూచనలు కావచ్చును. హ్రస్వదృష్టి గలవారు మరింత అప్రమత్తులై ఉండాలి. ఏ నీడ ఏ జాతిదో ఇంటిలో కూర్చొని తేల్చుకొనే విద్య మనకు లేదు. మా నీడ నిరపాయమైనది కావడం మా అదృష్టమే గాని మా తెలివి కాదు.

నెలల తరువాతనో ఏళ్ళ తరువాతనో మళ్ళీ మసక కమ్మితే భయపడనక్కరలేదు. కటకం వెనుక పొర మందగించడం వల్ల అట్లా జరుగుతుంది. లేజరుతో కొద్ది నిమిషాలలో సరిచేస్తారు.

డాక్టరుగారు ఇచ్చిన పత్రం ప్రకారం, రెండవ కంటి చికిత్స జరిగి చూపు కుదురుకొనే వరకు ఎత్తులో పని, రాత్రి తనిఖీలు, వాహనం నడపడం మానుకొన్నాము. విభాగాధిపతి మారుమాట లేకుండా ప్రణాళికా విభాగంలో కూర్చోబెట్టారు. ఎవరూ నవ్వలేదు. పైగా ఇద్దరు సహోద్యోగులు వేర్వేరుగా మా గదికి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, తమకూ అటువంటి నీడే కనిపించిందనీ, ఇంటిలో కూడా చెప్పలేదనీ అన్నారు. వారిలో ఒకరు క్రేను విభాగానికి చెందినవారు.

2024 మార్చిలో మేము తిరిగి రాత్రి తనిఖీలకు వెళ్ళాము. నీడ ఇప్పుడు వెతికితే తప్ప కనిపించదు. ఆ టెక్నీషియన్ మాత్రం జాలీ మెట్ల దగ్గర నేటికీ మాకంటె ఒక మెట్టు ముందే దిగుతాడు. వద్దని మేము చెప్పలేదు.

కొత్త యంత్రాన్ని నెలకొల్పిన మరునాడే పూర్తి భారం మోపము. కొన్నాళ్ళు నడిపి, కంపనాలు, ఉష్ణోగ్రతలు నమోదు చేసి, కుదురుకొన్నదని తేలాకనే గ్రిడ్డుకు అప్పగిస్తాము. కంటికి కూడా ఆ గడువు ఇవ్వాలి. ఆ గడువులో కనిపించినదానిని కనిపించినట్టు వైద్యులకు, ఇంటివారికి, మనతో మెట్లెక్కే తోటివారికి చెప్పాలి. సహోద్యోగులకు మా మనవి ఇంతే.