జీవితబీమా ప్రీమియం – పొగాకు ప్రశ్న: ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:

జీవితబీమాలో ప్రీమియం అంటే బీమాసంస్థ స్వీకరించే నష్టభయానికి కట్టిన వెల. ఆ వెల కట్టడానికి తొలి ఆధారం ప్రతిపాదన పత్రంలోని సమాధానాలు. ఆరోగ్యం, పొగాకు అలవాటు ప్రీమియాన్ని ఎలా మారుస్తాయో వివరించి, పొగాకు గురించిన ప్రశ్నను తెలుగులో ఏ మాటతో అడగాలన్నది ఎందుకు ముఖ్యమో తెలపడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. ప్రీమియం నిర్ణయంలో ఆరోగ్యం:

ఒక్కో వయస్సువారిలో ఏటా ఎందరు మరణించే అవకాశం ఉందో మరణాల పట్టిక సూచిస్తుంది. మూల ప్రీమియానికి అదే పునాది. రక్తపోటు, మధుమేహం, ఎత్తుకు తగని బరువు, కుటుంబంలో చిన్న వయస్సులోనే వచ్చిన గుండెజబ్బు మొదలైనవి వ్యక్తి నష్టభయాన్ని పెంచుతాయి. అప్పుడు సంస్థ అదనపు ప్రీమియం కోరవచ్చు, నిర్ణయాన్ని వాయిదా వేయవచ్చు, ప్రతిపాదనను తిరస్కరించనూవచ్చు. గుండెజబ్బులకు, పక్షవాతానికి, పలు క్యాన్సర్లకు కారణమయ్యే పొగాకును సంస్థలు ప్రత్యేకంగా లెక్కిస్తాయి.

2. పొగాకు – తెలుగు క్రియలు:

భారతీయ జీవితబీమా సంస్థ 2019లో ప్రవేశపెట్టిన టెక్ టర్మ్ పథకంలో ధూమపానం చేసేవారికి, చేయనివారికి వేర్వేరు రేట్లు ఉండేవి. తక్కువ రేటు కావాలంటే మూత్రంలో కొటినిన్ పరీక్ష జరగవలసి ఉండేది. నికోటిన్ శరీరంలో మార్పు చెందగా ఏర్పడే పదార్థమే కొటినిన్. పొగాకును కాల్చినా, నమిలినా అది ఏర్పడుతుంది.

తెలుగులో చుట్ట తాగుతారు, ఖైనీ నములుతారు, జర్దాకిళ్లీ వేసుకుంటారు, నస్యం పీలుస్తారు. ‘పొగ తాగుతారా?’ అన్న ప్రశ్న వీటిలో మొదటిదానికే వర్తిస్తుంది. ఖైనీ నమిలే వ్యక్తి ‘లేదు’ అనడం భాషాపరంగా సత్యమే. పరీక్ష మాత్రం దానికి భిన్నమైన ఫలితం చూపవచ్చు. 2016–17 ప్రపంచ వయోజన పొగాకు సర్వే ప్రకారం దేశంలో పొగ తాగేవారు 10.7 శాతం కాగా, పొగరహిత పొగాకు వాడేవారు 21.4 శాతం. అంటే ఆ ప్రశ్నకు అందనివారే ఎక్కువ.

3. సమాధానం – చట్టం:

బీమా చట్టం 1938లోని 45వ సెక్షన్ (2015 సవరణ) ప్రకారం మూడేళ్లు దాటిన పాలసీని ఏ కారణంతోనూ ప్రశ్నించరాదు. ఆలోపు మోసం లేదా ముఖ్య విషయాల దాపరికం కారణంగా ప్రశ్నించవచ్చు. మోసం కాని దాపరికమైతే కట్టిన ప్రీమియాన్ని 90 రోజుల్లో తిరిగి చెల్లించాలి. తన సమాధానం తనకు తెలిసినంతలో నిజమేనని పాలసీదారు నిరూపిస్తే మోసం ఆరోపణ నిలవదు. కాని పాలసీదారు జీవించి లేకపోతే ఆ ఆరోపణను తొలగించుకునే భారం లబ్ధిదారులపై పడుతుంది. భర్త ఏ ప్రశ్నకు ఏ అర్థంలో ‘లేదు’ అన్నాడో భార్య నిరూపించవలసి వస్తుంది.

ముగింపు:

పొగాకు అలవాటును వెల్లడిస్తే ప్రీమియం పెరుగుతుంది. దాచితే కుటుంబానికి అందవలసిన మొత్తమే సందేహంలో పడుతుంది. అయితే నిజం చెప్పడానికి ప్రశ్న కూడా సరిగా ఉండాలి. ‘పొగ తాగుతారా?’ అనడానికి బదులు ‘చుట్ట, బీడీ, సిగరెట్టు, ఖైనీ, గుట్కా, జర్దా, నస్యం – వీటిలో ఏదైనా వాడుతున్నారా, గతంలో వాడారా?’ అని అడగడం సముచితం. ‘వాడు’ అన్న క్రియ అన్నింటికీ వర్తిస్తుంది. బీమాపత్రాల అనువాదంలో ఇటువంటి క్రియాభేదాలను గుర్తించడం తెలుగు పరిశోధకులు చేయదగిన పని.