అమ్మ చేతులకు ఎంత బలం ఉండాలి?

చంటిపిల్లలకు అమ్మ ఒడిని మించిన చోటు లేదంటే కాదనేవారెవరు? ఏడుపు మానాలన్నా, నిద్ర పట్టాలన్నా అక్కడే. అందుకే కారులో ఊరికి బయలుదేరినప్పుడు కూడా ఇంట్లో అందరికన్నా చిన్నవాణ్ణి అమ్మో, నాయనమ్మో ఒళ్లో కూర్చోబెట్టుకుంటుంది. ముందు సీటయితే మరీ మంచిది, వాడికి రోడ్డు కనిపిస్తుంది, అల్లరి చెయ్యడు. "గట్టిగా పట్టుకుంటానులే, వాడికేం భయం లేదు" అంటుంది ఆమె.

ప్రేమతో అన్న మాటే. కాని అందులో ఒక లెక్క దాగి ఉంది. గట్టిగా అంటే ఎంత గట్టిగా? గమన సూత్రాలు చదువుకున్నవారెవరైనా ఆ లెక్క చెయ్యవచ్చు. కాగితం, పెన్సిలు తెచ్చుకోండి.

కారు గంటకు 54 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకుందాం. హైదరాబాదు–విజయవాడ రహదారి మీద దీన్ని వేగమని ఎవరూ అనరు. సెకనుకు లెక్కగడితే 15 మీటర్లు. అడ్డొచ్చిన గేదెను తప్పించబోయి కారు రోడ్డువార ఉన్న చింతచెట్టును గుద్దుకుంది. ముందుభాగం నుజ్జునుజ్జయి 60 సెంటీమీటర్లు లోపలికి నొక్కుకుపోయింది. అంటే కారు ఆ 60 సెంటీమీటర్లలోనే పూర్తిగా ఆగిపోయిందన్నమాట. వేగం 15 నుంచి సున్నాకు సమంగా తగ్గిందనుకుంటే సగటు వేగం ఏడున్నర మీటర్లు. కాబట్టి ఆగడానికి పట్టిన కాలం 0.08 సెకను. "అమ్మో" అనడానికి కూడా అది చాలదు!

ఇక ఋణ త్వరణం చూడండి. 15ను 0.08తో భాగిస్తే 187.5 వస్తుంది. భూమి మనల్ని లాగే త్వరణానికి ఇది 19 రెట్లు. ఒళ్లో బాబు బరువు 10 కిలోలయితే, వాణ్ణి కారుతో పాటు ఆపడానికి కావలసిన బలం 1,875 న్యూటన్లు. దాదాపు 190 కిలోల బరువును ఎత్తి పట్టుకోవడంతో సమానం. 25 కిలోల బియ్యం బస్తాలు ఏడున్నర! అవి కూడా చెప్పాపెట్టకుండా చేతుల్లో పడాలి. ఏ పహిల్వాను పట్టుకోగలడు?

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. ప్రమాదం జరిగినప్పుడు బాబు ముందుకు విసిరివేయబడ్డాడు అంటాం. నిజానికి వాణ్ణి ఎవరూ విసరలేదు. కారు ఆగింది, వాడు ఆగలేదు, అంతే. న్యూటన్ మొదటి సూత్రం చెప్పేది ఇదే. ఏదో ఒక బలం అడ్డుపడేదాకా వాడు అదే 15 మీటర్ల వేగంతో సాగిపోతాడు. ఆ అడ్డుపడేది ఏమిటన్నదే అసలు ప్రశ్న. ముందున్న గట్టి పలకే అయితే, దానికి తగిలి వాడి శరీరం ఆగే దూరం ఏ 5 సెంటీమీటర్లో ఉంటుంది. దూరం పన్నెండో వంతుకు తగ్గింది కనుక బలం పన్నెండు రెట్లు పెరుగుతుంది. అమ్మ సీటు బెల్టు పెట్టుకోకపోతే ఇంకా ఘోరం. ఆమె 60 కిలోలు కూడా అదే వేగంతో ముందుకు వచ్చి బాబును నలిపేస్తాయి. కాపాడాలనుకున్న చేతులే అలా చేస్తాయని రాయడానికి నాకూ కష్టంగానే ఉంది. కాని సూత్రాలకు మమకారం తెలియదు.

"మేము మెల్లగానే పోతాంలే" అంటారా? సెకనుకు 15 మీటర్ల వేగం రావాలంటే ఒక వస్తువు సుమారు పదకొండున్నర మీటర్ల ఎత్తునుంచి పడాలి. అది నాలుగంతస్తుల మేడ ఎత్తు. గంటకు 36 కిలోమీటర్లయితే 5 మీటర్లు, అంటే డాబా మీది పిట్టగోడ దాటి కింద పడడం లాంటిది. పిట్టగోడ దగ్గరికి చంటివాడు పాకితే ఇంటిల్లిపాదీ పరుగెత్తుకొస్తారు గదా!

ఇప్పుడు ఒక ప్రయోగం చేయండి. మీటరు పొడవున్న చెక్క పలక ఒక కొసను నాలుగు పుస్తకాల మీద ఆనించి వాలుగా పెట్టండి. కింది కొస దగ్గర ఇటుక అడ్డుపెట్టండి. బొమ్మ లారీ ఒకటి తీసుకుని, మెత్తటి బంకమట్టితో బొటనవేలంత మనిషిని చేసి దాని మీద కూర్చోబెట్టండి. లారీని పైనుంచి వదలండి. లారీ ఇటుక దగ్గర ఆగుతుంది, మట్టిమనిషి ఎగిరిపోతాడు. రెండోసారి అతణ్ణి సన్నని కుట్టుదారంతో లారీకి కట్టి వదలండి. ఈసారి ఎగరడు, కాని దారం పొట్టను కోసుకుపోయి ఉంటుంది. మూడోసారి వెడల్పు రిబ్బనుతో కట్టి చూడండి. గాటు బాగా తగ్గుతుంది. బలం అంతే, అది పరుచుకున్న చోటు పెరిగింది. నాలుగోసారి లారీ ముందువైపు ఒక అగ్గిపెట్టెను నిలబెట్టి అంటించి, మట్టిమనిషి వీపు దానికి ఆనేలా, ముఖం వెనక్కి ఉండేలా కూర్చోబెట్టండి. కట్టకపోయినా గుద్దుకున్నప్పుడు అతని వీపంతా పెట్టెకు అదుముకుంటుంది. ఈ నాలుగో ఫలితాన్ని గుర్తుపెట్టుకోండి, దానితో పని ఉంది.

సీటు బెల్టు చేసే మేలు రెండు రకాలు. మొదటిది, మనల్ని కారుకు అతికించి, కారు నుజ్జయ్యే ఆ 60 సెంటీమీటర్ల దూరాన్ని మనకూ పంచి ఇస్తుంది. చెట్టు మీంచి వదిలిన మామిడికాయను కింద గోనెసంచి పట్టి అందుకుంటారే, అదే కిటుకు. కాయ ఆగడానికి కాస్త దూరం దొరికితే చితకదు. రెండోది, బలాన్ని శరీరంలో గట్టి ఎముకలున్న చోట్ల మీదికి మళ్లిస్తుంది. భుజపుటెముక, రొమ్ము ఎముక, తుంటి ఎముకలు. మెత్తని పొట్ట మీదికి మాత్రం పోనివ్వదు.

సరిగ్గా కట్టుకుంటే మనిషి ఎంత తట్టుకోగలడో తన ఒంటి మీదనే ప్రయోగించి చూసిన వైద్యుడు ఒకాయన ఉన్నాడు. అమెరికా వైమానిక దళానికి చెందిన జాన్ పాల్ స్టాప్. పట్టాల మీద నడిచే రాకెట్ బండిలో పట్టీలతో బిగించుకుని కూర్చునేవాడు. 1947లో చేసిన మొదటి సవారీలో వీపు ముందుకు, ముఖం వెనక్కి పెట్టుకుని కూర్చున్నాడు. తరువాత ముఖం ముందుకు పెట్టి కూడా ఎన్నోసార్లు వెళ్లాడు. 1954 డిసెంబరు 10న న్యూ మెక్సికోలో ఆయన బండి గంటకు 1,017 కిలోమీటర్ల వేగం అందుకుని, 1.4 సెకన్లలో ఆగిపోయింది. ఒక క్షణంలో ఆయన మీద పడిన బలం ఆయన బరువుకు 46 రెట్లు! కళ్లలో రక్తనాళాలు చిట్లి కాసేపు చూపు పోయింది, మళ్లీ వచ్చింది. ఆయన బతికాడు, ఆ తర్వాత కార్లకు సీటు బెల్టులు పెట్టించాలని ఏళ్ల తరబడి పోరాడాడు.

నేటి కార్లలో ఉండే మూడు మొనల బెల్టును 1959లో స్వీడన్ దేశపు వోల్వో కంపెనీలో నిల్స్ బొలీన్ అనే ఇంజనీరు తయారుచేశాడు. అంతకుముందు ఆయన పని యుద్ధవిమానాల్లోంచి పైలట్లను బయటికి ఎగరగొట్టే కుర్చీలు చేయడం! వోల్వో ఆ బెల్టును ఇతర కంపెనీలు కూడా వాడుకోనిచ్చింది.

పిల్లల సంగతి మాత్రం వేరే. 1930ల నుంచే కార్లలో పిల్లల కుర్చీలు ఉండేవి గాని, వాటి పని వాణ్ణి కదలనివ్వకుండా కూర్చోబెట్టడం, కిటికీలోంచి బయటికి కనిపించేంత ఎత్తులో ఉంచడం. కొన్నింటికి ఉత్తుత్తి స్టీరింగు కూడా ఉండేది. భద్రతను మొదట ఆలోచించినవారిలో స్వీడన్ వైద్యుడు బెర్టిల్ ఆల్డ్‌మన్ ముఖ్యుడు. అమెరికా జెమినీ వ్యోమగాముల కోసం చేసిన కుర్చీలు ఆయన దృష్టిని ఆకర్షించాయి. వాటిలో భారమంతా వీపు మీద పరుచుకుంటుంది. అలాంటిదే పిల్లలకు చేసి, వెనక్కి తిప్పి పెడితే? 1964లో అలాంటి నమూనాను వోల్వో కారులో పరీక్షించారు. మన అగ్గిపెట్టె ప్రయోగమే అది!

పెద్దవాళ్లకు లేని ఈ వెనుకచూపు కూర్చోవడం పసివాళ్లకు ఎందుకు? వాళ్ల తల చూడండి. అప్పుడే పుట్టిన బిడ్డ పొడవులో నాలుగో వంతు తలే. పెద్దవారిలో అది సుమారు ఎనిమిదో వంతు. పైగా పసివాళ్ల మెడ పూసలు ఇంకా పూర్తిగా ఎముక కాలేదు. ముక్కలు ముక్కలుగా ఉండి మధ్యలో మృదులాస్థితో కలిసి ఉంటాయి. ముఖం ముందుకు పెట్టి కూర్చోబెడితే, గుద్దుకున్నప్పుడు పట్టీలు ఒంటిని ఆపుతాయి గాని ఆ పెద్ద తల ముందుకు దూసుకుపోయి లేత మెడను గుంజుతుంది. వెనక్కి తిరిగి ఉంటే తల, మెడ, వీపు ఒక్కసారే కుర్చీకి అదుముకుంటాయి. అందుకే స్వీడన్‌లో చాలామంది పిల్లలను నాలుగేళ్లదాకా ఇలాగే కూర్చోబెడతారు. కుర్చీ పట్టినంతకాలం వెనక్కి తిప్పే ఉంచమన్నదే శిశువైద్యుల సలహా.

కాని వెనక్కి తిప్పిన ఈ కుర్చీని పనిచేసే ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీటులో ఎన్నడూ పెట్టకూడదు. ఎయిర్‌బ్యాగ్ కన్ను మూసి తెరిచేలోపు బద్దలైనట్టుగా విచ్చుకుంటుంది. బిడ్డ తల సరిగ్గా దాని ఎదుటే ఉంటుంది. అమెరికాలో 1990లలో ఇలా కొందరు పసివాళ్లు చనిపోయారు. పిల్లల చోటు వెనుక సీటే.

చట్టాలు ఈ లెక్కను ఒప్పుకోవడానికి చాలాకాలం పట్టింది. అమెరికాలో మొట్టమొదట టెనెసీ రాష్ట్రం 1977లో పిల్లల సీటు తప్పనిసరి చేసింది. దాని వెనుక రాబర్ట్ శాండర్స్ అనే పిల్లల వైద్యుడి పట్టుదల ఉంది. అయితే ఆ చట్టంలో ఒక మినహాయింపు చేర్చారు. పెద్దవాళ్లు ఒళ్లో పట్టుకుంటే చాలునట! మనం మొదట చేసిన లెక్క శాసనసభ్యులెవరూ చేసినట్టు లేదు. 1981లో దాన్ని తీసేశారు. 1985 నాటికి అన్ని రాష్ట్రాలకూ ఇలాంటి చట్టాలు వచ్చాయి. కూతురి కాన్పుకని అమెరికా వెళ్లివచ్చిన అమ్మమ్మలను అడగండి, ఆసుపత్రినుంచి మనవరాలిని ఏ కుర్చీలో ఇంటికి తెచ్చారో చెబుతారు.

మన దేశంలో 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం, 14 ఏళ్లు నిండని పిల్లలను బెల్టుతోగాని, పిల్లల సీటుతోగాని కట్టకుండా కారు నడిపితే వెయ్యి రూపాయల జరిమానా అంటుంది. మోటారు సైకిలు మీద తీసుకువెళ్లే నాలుగేళ్లలోపు పిల్లలకు పెద్దవారితో కలిపి కట్టే పట్టీ, హెల్మెట్ ఉండాలనీ, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదనీ 2022లో నియమాలు ప్రకటించారు. అవి 2023 ఫిబ్రవరి నుంచి అమలులోకి వచ్చాయి.

మీ ఇంట్లో పిల్లల సీటు ఉంటే ఈసారి తమ్ముణ్ణో చెల్లెల్నో కూర్చోబెట్టే పని మీరే తీసుకోండి. పట్టీలు బిగించాక భుజం దగ్గర పట్టీని చిటికెతో నిలువుగా మడవబోయి చూడండి. మడత దొరికితే వదులుగా ఉన్నట్టే. వదులు ఎందుకు చెడ్డదంటారా? పట్టీ బిగుసుకునేదాకా పిల్లవాడు ఆగకుండా సాగుతాడు, ఆగడానికి ఉన్న 60 సెంటీమీటర్లలో కొంత ఊరికే ఖర్చయిపోతుంది. దళసరి స్వెట్టరు మీద పట్టీ కట్టినా ఇంతే, గుద్దుకున్నప్పుడు ఉన్ని అణిగిపోయి ఖాళీ ఏర్పడుతుంది. చలిగా ఉంటే పట్టీలు కట్టాక పైన దుప్పటి కప్పండి. కుర్చీని కూడా ఊపి చూడండి. దాన్ని కారు సీటుకు బిగించకపోతే పిల్లవాడితో పాటు అదీ ఎగురుతుంది.

కాస్త ఎదిగిన పిల్లలకు పెద్దల బెల్టు చాలదా అంటే, చాలదు. వాళ్ల తుంటి ఎముకలు ఇంకా బెల్టును పట్టి ఆపేంతగా ఎదగవు. నడుము పట్టీ జారి పొట్ట మీదికి ఎక్కుతుంది, పై పట్టీ మెడను ఒరుసుకుంటుంది. కుట్టుదారం గాటు గుర్తుందా? అందుకే ఎత్తు చాలనివారిని కూర్చోబెట్టడానికి ఎత్తు పీటలాంటి సీటు ఉంటుంది. సుమారు 145 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా అది కావాలి.

మీ తరగతి గోడ మీద 145 సెంటీమీటర్ల దగ్గర సుద్దముక్కతో గీత గీసి ఒక్కొక్కరే నిలబడి చూడండి. ఏడో తరగతిలో గీత కిందే ఉండేవాళ్లు కొందరైనా తేలవచ్చు. గీత దాటినవాళ్లు కారెక్కినప్పుడు మరొకటి చూసుకోండి: వీపు పూర్తిగా వెనక్కి ఆనినప్పుడు మోకాళ్లు సీటు అంచు దగ్గర వంగుతున్నాయా, నడుము పట్టీ తొడల పైభాగాన ఉందా, పై పట్టీ భుజం నడిమిగుండా పోతోందా?