ఎలక్ట్రిక్ కారు: ధరకు తగ్గ గట్టితనం ఉండాలా?



శంకర్‌పల్లి రోడ్డు మీద, చేవెళ్ళ రోడ్డు మీద పచ్చ నంబరు ప్లేటు బండ్లు ఇప్పుడు బాగా కనిపిస్తున్నాయి. పచ్చ ప్లేటు మీద తెల్ల అంకెలుంటే సొంత బండి, పసుపు అంకెలుంటే కిరాయి బండి. రెండూ కరెంటుతో నడిచేవే. వీటి గురించి మన హాస్టల్లో రెండు మాటలు వినిపిస్తుంటాయి. "అన్ని లక్షలు పోసినా తలుపు వేస్తే రేకు డబ్బా చప్పుడే గదా" అనేది ఒకటి. "ధర ఎక్కువుంటే గట్టిగానే ఉంటది" అనేది రెండోది. ఈ రెండింటిలో నిజమెంతో చూద్దాం.

ధర ఎక్కడికి పోతుంది?

పెట్రోలు కారు కొంటే మన డబ్బు ఇంజనుకు, బాడీకి, సీట్లకు పోతుంది. పెట్రోలు తర్వాత రోజూ కొనుక్కుంటాం. ఎలక్ట్రిక్ కారులో అట్లా కాదు. బ్యాటరీ ధరను మొదటి రోజే కట్టేస్తాం.

దీనికి మంచి ఉదాహరణ కామెట్ అనే చిన్న కారు. దాని బ్యాటరీ 17.3 యూనిట్లు. యూనిట్ అంటే మన కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే. 2024 సెప్టెంబరులో కంపెనీ ఈ కారును రెండు రకాలుగా అమ్మింది. బ్యాటరీతో సహా కొంటే షోరూం ధర 6.99 లక్షల నుంచి మొదలు. బ్యాటరీని అద్దెకు తీసుకుంటే 4.99 లక్షలు, పైన కిలోమీటరుకు రెండున్నర రూపాయలు. అంటే బ్యాటరీ లెక్క 2 లక్షలు. అదే కంపెనీ విండ్సర్ కారు బ్యాటరీతో 13.50 లక్షలు, బ్యాటరీ లేకుండా 9.99 లక్షలు. లెక్క వేసి చూడండి. రెండింటిలోనూ రూపాయికి పావలా పైగా బ్యాటరీకే పోతోంది.

టియాగో సంగతీ ఇంతే. 2022 సెప్టెంబరులో కరెంటు టియాగో 8.49 లక్షలకు వచ్చింది. అప్పట్లో పెట్రోలు టియాగో ఐదున్నర లక్షల లోపే మొదలయ్యేది. రెండింటికీ బాడీ ఒకటే, తలుపులూ అవే. ధర పెరిగింది గానీ రేకు మందం పెరగలేదు. కాబట్టి ఎలక్ట్రిక్ కారు ధర చూసి దాని బాడీని అంచనా వేస్తే లెక్క తప్పుతుంది.

సర్కారు తన వంతుగా పన్ను తగ్గించింది. 2019 ఆగస్టు 1 నుంచి ఎలక్ట్రిక్ బండ్ల మీద జీఎస్టీని 12 శాతం నుంచి 5 శాతానికి దించారు. మన రాష్ట్రంలో 2024 నవంబరు ఉత్తర్వు ప్రకారం రోడ్డు టాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు 2026 డిసెంబరు 31 దాకా మాఫీ చేశారు.

గట్టితనం వేరు, పనితనం వేరు

మనం ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడతాం. పనితనం అంటే పైకి కనిపించేది: తలుపుకు బాడీకి మధ్య సందు సమంగా ఉందా, రంగు నునుపుగా ఉందా, ప్లాస్టిక్ మెత్తగా ఉందా అనేవి. గట్టితనం అంటే లోపల ఉండేది: గుద్దుకుంటే మనిషి కూర్చున్న గది నలగకుండా ఉంటుందా, బ్యాటరీ పెట్టెలోకి నీళ్ళు పోకుండా ఉంటాయా అనేవి.

2018లో అమెరికాలో శాండీ మన్రో అనే ఇంజనీరు టెస్లా మోడల్ 3 కారును ముక్కముక్కలుగా విప్పి చూశాడు. బాడీ సందులు సరిగా లేవని గట్టిగా విమర్శించాడు. బ్యాటరీని, ఎలక్ట్రానిక్సును మాత్రం మెచ్చుకున్నాడు. అదే ఏడాది అమెరికా ప్రభుత్వ పరీక్షలో ఆ కారుకు భద్రతలో 5 స్టార్లు వచ్చాయి. పనితనంలో వెనకబడినా గట్టితనంలో ముందుంది.

దీనికి వ్యతిరేకంగా మన దేశపు రేవా కారును చూడండి. 2001లో బెంగుళూరు నుంచి అమ్మకానికి వచ్చింది. ఇనుప చట్రం మీద ప్లాస్టిక్ బాడీ. లండన్‌లో జీ-విజ్ పేరుతో నడిచింది. బ్రిటన్ నిబంధనల్లో అది కారు లెక్కలోకి రాదు కాబట్టి కార్లకు చేసే గుద్దుడు పరీక్ష దానికి తప్పనిసరి కాలేదు. 2007లో ఒక పత్రిక ఆ పరీక్ష చేయిస్తే లోపలున్న మనిషికి ప్రాణాపాయమే అని తేలింది. ముద్దుగా కనిపించినంత మాత్రాన బండి గట్టిది కాదు. పైన పటారం, లోన లొటారం అని పెద్దలు ఊరికే అనలేదు.

మార్కులు ఏం చెప్తున్నాయి?

మనకు పరీక్షలున్నట్టే కార్లకూ ఉన్నాయి. 2023 అక్టోబరు నుంచి మన దేశంలో 'భారత్ ఎన్‌క్యాప్' అనే పరీక్ష అమల్లోకి వచ్చింది. కారును గంటకు 64 కిలోమీటర్ల వేగంతో అడ్డుగోడకు గుద్దిస్తారు. లోపల మనిషి బొమ్మలు పెట్టి ఎక్కడ ఎంత దెబ్బ తగిలిందో కొలుస్తారు.

2024 జూన్‌లో పంచ్ ఎలక్ట్రిక్, నెక్సాన్ ఎలక్ట్రిక్ ఫలితాలు వచ్చాయి. పెద్దల రక్షణలో పంచ్‌కు 32కి 31.46, నెక్సాన్‌కు 29.86 మార్కులు. రెండింటికీ 5 స్టార్లే. పంచ్ ధర 10.99 లక్షల నుంచి మొదలైతే నెక్సాన్ ధర 14 లక్షలు దాటింది. తక్కువ ధర బండికే మార్కు ఎక్కువ! బరువు తేడా ఉన్న బండ్లను మార్కులతోనే పోల్చడం పూర్తిగా సరికాదు గానీ, ధర ఎక్కువైతే గట్టితనం దానంతటదే వస్తుందనే మాట మాత్రం నిలబడదు.

బ్యాటరీ పెట్టె

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్ జిల్లాలో ఒక ఇంట్లో ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ పేలి ఒక పెద్దాయన చనిపోయాడు. కొద్ది రోజులకే విజయవాడలో అట్లాగే ఇంకొకరు పోయారు. వాటి తర్వాత కేంద్రం బ్యాటరీ నిబంధనలను కఠినం చేసింది. అవి 2022 డిసెంబరు నుంచి, 2023 మార్చి చివరి నుంచి రెండు దశలుగా అమల్లోకి వచ్చాయి.

మంచి బ్యాటరీల మీద 'ఐపీ 67' అని రాసి ఉంటుంది. 6 అంటే దుమ్ము లోపలికి పోదు. 7 అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉన్నా తడి లోపలికి దిగదు. వానాకాలంలో కల్వర్టుల మీద నీళ్ళు పారే మన ఊళ్ళకు ఇది చిన్న విషయం కాదు.

మన దగ్గర సంగతి

మన కొండకల్‌లో రైలు పెట్టెల ఫ్యాక్టరీ 2023 జూన్‌లో ప్రారంభమైంది. షాబాద్ మండలం సీతారాంపురంలో ఎలక్ట్రిక్ బస్సుల ఫ్యాక్టరీ ఉంది. రైల్వే వాళ్ళు పెట్టెను ధర ఒక్కటే చూసి తీసుకోరు. కొలత, వెల్డింగు, బ్రేకు అన్నీ పరీక్షించి, సరిపోతేనే తీసుకుంటారు. సెకండ్ క్లాసు పెట్టెలో సీటు మామూలుగా ఉండొచ్చు గానీ చక్రం, బ్రేకు మామూలుగా ఉంటే ఒప్పుకుంటారా? తక్కువ టికెట్ కొన్నవాడి ప్రాణం తక్కువది కాదు గదా.

ఇదే నియమం కారుకూ, ఆటోకూ ఉండాలి. చేవెళ్ళ దగ్గర మీర్జాగూడలో 2025 నవంబరు 3న కంకర టిప్పర్, ఆర్టీసీ బస్సు గుద్దుకుని 19 మంది చనిపోయారు. టిప్పర్లు తిరిగే ఇటువంటి రోడ్డు మీదే మన తండాల అన్నలు అప్పు చేసి కొన్న ఆటోల్లో కూరగాయలు, పూలు పట్నానికి తీసుకుపోతారు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. పనితనం ధరకు తగ్గట్టు ఉంటే తప్పు లేదు. తక్కువ ధర బండికి గట్టి ప్లాస్టిక్, మామూలు సీటు సరిపోతాయి. గట్టితనానికి మాత్రం ధరతో పని లేదు. అత్యంత చౌక బండిలో కూడా అది ఉండి తీరాలి.

ఇంకో మాట. బ్యాటరీ ఖరీదు ఎక్కువ కాబట్టి మిగతాది సర్దుకోండి అని కంపెనీలు ఎప్పటికీ అనలేవు. 2010లో ఒక యూనిట్ బ్యాటరీకి వెయ్యి డాలర్ల పైన పడేది. 2024లో ప్రపంచ సగటు 115 డాలర్లకు దిగింది. అక్కడ మిగిలిన డబ్బు బాడీలోనైనా, ధర తగ్గింపులోనైనా కనిపించాలని అడిగే హక్కు కొనేవాళ్ళకుంది.

కొనేముందు అడగవలసినవి

1. గుద్దుడు పరీక్ష జరిగిందా? ఎన్ని స్టార్లు? పెద్దలకెన్ని, పిల్లలకెన్ని?
2. బ్యాటరీ మీద ఐపీ 67 ఉందా?
3. బ్యాటరీ గ్యారంటీ ఎన్నేళ్ళు? (కరెంటు టియాగోకు 8 ఏళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్లని కంపెనీ రాసిచ్చింది.) అప్పు తీరకముందే గ్యారంటీ అయిపోతుందా?
4. బ్యాటరీ ఒక్కటే మార్చాలంటే ఎంత అవుతుంది?
5. బాగుచేసేవాళ్ళు దగ్గర్లో ఉన్నారా?

సెలవులకు ఇంటికి పోయినప్పుడు, మీ ఇంట్లో ఎవరైనా ఆటో గానీ కారు గానీ కొనాలనుకుంటే ఈ అయిదు ప్రశ్నలు రాసుకుని వెంట తీసుకుపోండి. షోరూం వాళ్ళు రంగు, స్క్రీను చూపిస్తారు. మీరు కాగితం చూపించమని అడగండి.