అయస్కాంతానికి అంటిన రజను

మా సంఘానికి ఒక పాత జీపు ఉంది. గ్రామాల్లో జరిగే కూడికలకు వెళ్లాలంటే మాకు అదే ఆధారం. ఈమధ్య దానికి ఇంజిన్ ఆయిల్ మార్పించడానికి షెడ్డుకు తీసుకువెళ్లాం. మెకానిక్ భాయ్ జీపు కిందికి దూరి డ్రెయిన్ బోల్టు విప్పాడు. నల్లటి ఆయిల్ డబ్బాలోకి కారిపోయింది. ఆయన ఆ బోల్టును తుడవకుండా అలాగే మా దగ్గరికి తెచ్చాడు. కిందటిసారి ఆయనే వేసిన బోల్టు అది. మొనలో చిన్న అయస్కాంతం బిగించి ఉంది. దాని చుట్టూ బూడిద రంగు ముద్ద పట్టి ఉంది.

‘‘పాస్టర్ గారూ, వేళ్ల మధ్య పెట్టి రుద్ది చూడండి’’ అన్నాడు. రుద్ది చూశాం. కాటుకలా మెత్తగా ఉంది. ‘‘మెత్తగా ఉంటే భయం లేదండీ. బండి తిరిగితే ఆ మాత్రం అరుగుతుంది. గుచ్చుకునే ముక్క గనక కనబడిందంటే బండి కదపకూడదు. ఇంజిన్ విప్పాల్సిందే’’ అన్నాడు. ఆ మాట ఇంటికి వచ్చాక కూడా మమ్మల్ని వదల్లేదు.

ఇంజిన్ లోపల ఇనుము ఇనుముతో రాసుకుంటూనే ఉంటుంది. ఆ రాపిడిని తగ్గించడానికే ఆయిల్. అయినా ఎంతో కొంత అరుగుతుంది. ఆ రజను ఆయిల్‌లో కలిసి ఇంజిన్ అంతా తిరుగుతుంది. ఆయిల్ ఫిల్టర్ పెద్ద రేణువుల్ని ఆపుతుంది గాని, దాని రంధ్రాలకన్నా సన్ననివి జారిపోతాయి. ఇనుప రేణువు ఎంత సన్నదైనా, దగ్గరగా వస్తే అయస్కాంతం లాగి పట్టుకోగలదు. బోల్టు విప్పి చూసినప్పుడు, లోపల జరుగుతున్నది మన కంటి ముందుకు వస్తుంది.

ఇటువంటి ఏర్పాటే హెలికాప్టర్లలోనూ ఉంటుంది. అక్కడ అది ప్రాణాలకు సంబంధించిన విషయం. రెక్కల్ని తిప్పే గేర్‌బాక్సులో, ఆయిల్ దారిలో అయస్కాంతపు ప్లగ్గులు పెడతారు. లోపల ఏ గేరు పళ్లైనా, బేరింగైనా పగలడం మొదలైతే ఆ ఇనుప ముక్క వచ్చి ప్లగ్గుకు అంటుకోవాలి. దాన్ని చూసి మనుషులు జాగ్రత్తపడాలి.

2009 ఏప్రిల్ 1న స్కాట్లండ్ తీరంలో ఒక ఘోరం జరిగింది. ఉత్తర సముద్రంలోని చమురు వేదిక నుంచి 14 మంది కార్మికులతో, ఇద్దరు పైలట్లతో అబర్డీన్‌కు తిరిగి వస్తున్న సూపర్ ప్యూమా హెలికాప్టర్ పీటర్‌హెడ్ పట్టణానికి ఈశాన్యంగా సముద్రంలో కూలిపోయింది. గేర్‌బాక్సు లోపల ఒక గేరు పగిలి, పైనున్న రెక్కల చక్రమే ఊడిపోయింది. 16 మందిలో ఒక్కరూ బతకలేదు.

బ్రిటన్‌లో విమాన ప్రమాదాల దర్యాప్తు విభాగం 2011లో నివేదిక ఇచ్చింది. అందులోని ఒక సంగతి మన గుండెను పట్టుకుంటుంది. ప్రమాదానికి వారం ముందే, మార్చి 25న, గేర్‌బాక్సులోని అయస్కాంతపు ప్లగ్గుకు ఒక ఇనుప ముక్క అంటుకుని కనబడింది. అప్పటికి హెలికాప్టర్ ఇంకా 36 గంటలు ఎగరబోతోంది. నిర్వహణ చూసేవారికీ, తయారీదారులకూ మధ్య ఫోన్లు, ఈ-మెయిళ్లు నడిచాయి. కాని ఒకరి మాట ఒకరికి సరిగా అందలేదు. అది పగులుతున్న గేరు నుంచి వచ్చిన ముక్క అని ఎవరూ గుర్తించలేదు. గేర్‌బాక్సులో ఆ భాగాన్ని విప్పి చూడలేదు. ఆ తర్వాత ఏ పరీక్షలోనూ మరో హెచ్చరిక కనబడలేదు. అంతా బాగానే ఉందనుకున్నారు.

మరి మిగతా ముక్కలు ఎందుకు కనబడలేదు? గేర్‌బాక్సు లోపల అదనంగా అయస్కాంతాల వలయం ఒకటి అమర్చి ఉంది. రజనును అక్కడే పట్టుకోవడం దాని పని. ఆ వలయం వల్ల ముక్కలు ప్లగ్గు దాకా వచ్చి బయటపడే అవకాశం తగ్గిందని నివేదిక చెప్పింది. గేర్‌బాక్సు విప్పితే తప్ప ఆ వలయం కనబడదు. మంచికని పెట్టిన అయస్కాంతమే అపాయం కనబడకుండా అడ్డుపడింది. ప్రమాదం తర్వాత ఆ రకం హెలికాప్టర్ల నుంచి ఆ వలయాన్ని తీసివేయించారు.

ప్రియ పాఠకులారా, మనలోనూ ఈ రెండు రకాల అయస్కాంతాలున్నాయి. ఒకటి పట్టుకుని చూపించేది. రెండోది పట్టుకుని దాచేది. దావీదు పాపం చేసి మౌనంగా ఉన్న రోజుల్లో తన ఎముకలు లోలోపలే క్షీణించాయని 32వ కీర్తనలో ఒప్పుకుంటాడు. ఆయన మనస్సాక్షి పని చేయకపోలేదు. అది పగలూ రాత్రీ పాపాన్ని పట్టుకుంటూనే ఉంది. అయితే ఆ పట్టుకున్నదాన్ని ఆయన దేవుని ముందు విప్పలేదు. రాజు కూర్చున్నాడు, తీర్పులు తీర్చాడు, బయటికి అంతా సవ్యంగానే కనబడింది. నాతాను ప్రవక్త వచ్చి బోల్టు విప్పేదాకా లోపలి సంగతి బయటపడలేదు (2 సమూయేలు 12).

ఆదివారం ఆరాధన, ఉపవాస కూడిక, చందా, పాటల బృందం... ఇవన్నీ మంచివే. కాని మన భక్తి మన తప్పుల్ని లోపలే పట్టుకుని ఎవరికీ కనబడకుండా ఉంచే వలయమైతే, అది మనల్ని కాపాడదు. వాక్యం విన్నప్పుడు మనసు కొంచెం నొచ్చుకుంటుంది, కళ్లు చెమరుస్తాయి, అంతటితో శుద్ధి జరిగిపోయిందనుకుంటాం. నొచ్చుకోవడం వేరు, విప్పి చూపించడం వేరు.

ఈ మాట ఇతరులకు చెప్పే ముందు మా తప్పు మేము ఒప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట, మొదటి ఆదివారం ప్రభువు బల్లకు ముందు శనివారం సాయంత్రం, మా సంఘంలో కానుకల లెక్కలు రాసే యువకుడు ఇంటికి వచ్చాడు. మేము ప్రసంగం సిద్ధం చేసుకుంటున్నాం. ‘‘అయ్యగారూ, పోయిన నెల కానుకల్లోంచి నాలుగు వందలు వాడుకున్నాను. జీతం రాగానే పెట్టేశాను’’ అన్నాడు తల వంచుకుని. ‘‘పెట్టేశావు కదా బాబూ, ప్రార్థన చేసుకో, రేపు బల్లలో పాలుపొందు’’ అని పంపేశాం. అతను గడప దగ్గర ఒక్క క్షణం నిలబడ్డాడు. మేము తిరిగి పుస్తకంలోకి చూశాం.

ఏడాదిన్నర తర్వాత మందిర నిర్మాణ నిధిలో పెద్ద మొత్తం తగ్గింది. క్రికెట్ పందేలు, వాటి కోసం అప్పులు, ఆ అప్పులు తీర్చడానికి నిధి. అతను ఊరు విడిచి వెళ్లిపోయాడు. అతని తల్లి ఆదివారం ఆరాధన అయిపోయాక కూడా మందిరం మెట్ల మీదే కూర్చుని ఉండేది. ఆమెకు ఎదురుపడడానికి మాకు ముఖం చెల్లేది కాదు.

చాలాకాలానికి అతను తిరిగి వచ్చాడు. ఆ రోజు అతను అన్న మాట మాకు ఇప్పటికీ వినబడుతోంది: ‘‘అయ్యగారూ, ఆ సాయంత్రం నేను నాలుగు వందల గురించి చెప్పడానికి రాలేదు. ఇంకేమైనా ఉందా అని మీరు ఒక్క మాట అడిగి ఉంటే అంతా చెప్పేసేవాణ్ని.’’

ఆ నాలుగు వందలు లోపల పగులుతున్న జీవితం నుంచి రాలిన ఒక్క ముక్క. అది మా చేతికే వచ్చింది. మేము దాన్ని తుడిచేసి, బోల్టు మళ్లీ బిగించేశాం. తర్వాత అతను మరేమీ చెప్పకపోతే, అంతా బాగానే ఉందనుకున్నాం.

కొత్త ముక్క కనబడకపోవడం ఆరోగ్యానికి రుజువు కాదు. పైగా అయస్కాంతానికి ఒక పరిమితి ఉంది. అది ఇనుమునే పట్టుకుంటుంది. అల్యూమినియం, రాగి, సీసం, బయటి దుమ్ము దాని పక్క నుంచే దాటిపోతాయి. మనస్సాక్షి కూడా అంతే. దొంగతనానికి ఉలిక్కిపడే మనసు, కోడలిని చులకన చేసినా, పనివాడి కూలి ఆపినా, కులం చూసి పెళ్లి సంబంధం వద్దన్నా ఉలిక్కిపడకపోవచ్చు. అందుకే అపొస్తలుడైన పౌలు, తన మీద తనకు ఏ నేరమూ తోచకపోయినా అంతమాత్రాన తాను నీతిమంతుణ్ని కాననీ, తనను పరీక్షించేవాడు ప్రభువేననీ కొరింథీయులకు రాశాడు (1 కొరింథీ 4:4). దావీదు కూడా తనకు తెలియని తప్పుల నుంచి శుద్ధి చేయమని అడిగాడు (కీర్తన 19:12). తన హృదయాన్ని పరిశోధించమని దేవుణ్నే వేడుకున్నాడు (కీర్తన 139:23).

ఇంకొక మాట. అయస్కాంతం అరుగుదలను చూపిస్తుందే గాని, అరిగిన గేరును బాగుచేయదు. పాపాన్ని గుర్తుపట్టేలా చేయడం ధర్మశాస్త్రం పని అని రోమా పత్రిక మూడో అధ్యాయం బోధిస్తోంది. బాగుచేసే పని మాత్రం క్రీస్తుది. మన పాపాలు ఒప్పుకుంటే ఆయన క్షమించడమే కాదు, పవిత్రులుగా చేస్తాడని యోహాను భక్తుడు భరోసా ఇస్తున్నాడు (1 యోహాను 1:9). విప్పితే సిగ్గుపడాల్సి వస్తుందని భయపడతాం. కాని విప్పేది బాగుచేయడానికే.

ఆ యువకుడు ఇప్పుడు నెలనెలా కొంత చెల్లిస్తున్నాడు. లెక్కల పుస్తకం అతని చేతికి మళ్లీ ఇవ్వలేదు, అతనూ అడగలేదు. ఇప్పుడు మా సంఘంలో కానుకలు ఇద్దరు కలిసి లెక్కిస్తారు. మొదటి ఆదివారానికి ముందు శనివారం సాయంత్రం మేము ప్రసంగం రాసుకోం, తలుపు తీసి కూర్చుంటాం. ఎవరు వచ్చి ఎంత చిన్న విషయం చెప్పినా, ‘‘ఇంకేమైనా ఉందా?’’ అని నెమ్మదిగా అడుగుతాం. ఆ ప్రశ్న నిలదీయడానికి కాదు. తప్పులో చిక్కుకున్నవాణ్ని సాత్వికంతో నిలబెట్టమని గలతీ సంఘానికి పౌలు చెప్పింది ఇదే (గలతీ 6:1).

ప్రభువు బల్ల దగ్గరకు వచ్చే ముందు ప్రతివాడూ తన్ను తాను పరీక్షించుకోవాలని వాక్యం ఆజ్ఞాపిస్తోంది (1 కొరింథీ 11:28). ఈ వారం మీ చేతికి ఏ చిన్న ముక్క తగిలినా తుడిచేయకండి. అది మీ జీవితంలోదైతే ప్రభువు ముందు పెట్టండి. మీ బిడ్డదైనా, మీ స్నేహితుడిదైనా ఇంకొక్క మాట అడగండి. దాచకుండా చూపించే మనసును, చూసి ప్రేమతో నిలబెట్టే మనసును ప్రభువు మనందరికీ అనుగ్రహించును గాక! ఆమేన్.