మంచు కింద ఈలలు: సీల్ నీళ్లలో ఎలా వింటుంది, ఎలా మాట్లాడుతుంది?

అంటార్కిటికాలో మెక్‌ముర్డో సౌండ్ అని ఒక సముద్రపు పాయ ఉంది. ఇక్కడ సౌండ్ అంటే చప్పుడు కాదు, ఇలాంటి పాయకు ఇంగ్లిష్‌లో ఆ పేరు. కానీ ఈ చోటికి ఆ పేరు రెండు రకాలుగానూ సరిపోయింది. ఏడాదిలో చాలా నెలలు దాని మీద మందపాటి మంచు పలక పరుచుకుని ఉంటుంది. గాలి ఆగినప్పుడు ఆ మంచుకు చెవి ఆనించి వింటే కింద నుంచి ఈలలు, కిచకిచలు, పై నుంచి కిందికి జారిపోయే సన్నటి కూతలు వినిపిస్తాయి. సైన్స్ ఫిక్షన్ సినిమాలో అంతరిక్ష నౌక చప్పుళ్లేమో అనిపిస్తుంది. నిజానికి అవి వెడెల్ సీల్స్ గొంతులు.

సీల్ అంటే మనకు ముందు గుర్తొచ్చేది ఆఫీసులో కాగితం మీద వేసే ముద్ర. జంతువు గురించి చెప్పాల్సి వస్తే కొందరు 'సీల్ చేప' అంటారు గానీ అది చేప కాదు. పిల్లకు పాలిచ్చే జంతువు, గాలి పీల్చుకోవడానికి పైకి రావాల్సిందే. ఉర్దూలో దీన్ని 'దర్యాయీ బఛ్‌డా' అంటారు, అంటే నీటి దూడ. ఆ పేరే నయం.

వెడెల్ సీల్ మూడు మీటర్ల పొడవు, నాలుగైదు వందల కిలోల బరువు ఉంటుంది. మంచులో ఊపిరి తీసుకునే కంతను పళ్లతో గీకి గీకి మూసుకుపోకుండా చూసుకుంటుంది. అక్కడి నుంచి 600 మీటర్ల లోతు వరకు దిగగలదు, ఒక్కోసారి గంటకు పైగా ఊపిరి బిగబట్టగలదు. మెక్‌ముర్డోలో చలికాలం నాలుగు నెలలు సూర్యుడే ఉదయించడు. పైన మంచు, కింద చీకటి. అలాంటి చోట దూరాన ఎవరున్నారో కళ్లు చెప్పలేవు. చెవులే చెప్పాలి.

నీళ్లలో ధ్వని సెకనుకు దాదాపు 1,500 మీటర్లు పోతుంది. గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా వేగం. పైగా గాలిలో అంత త్వరగా నీరసించదు. ఇదంతా బాగానే ఉంది, కానీ మన చెవికి అక్కడ పని చెయ్యడం రాదు. చెరువులో మునిగి ఉన్నప్పుడు ఎవరైనా రెండు రాళ్లు కొడితే చప్పుడు వినిపిస్తుంది గానీ ఏ వైపు నుంచి వచ్చిందో తెలీదు కదా. రెండు చెవులకూ దాదాపు ఒకేసారి చేరిపోతుంది. తల ఎముకలు కూడా నీళ్లతో పాటే అదురుతాయి. ఇక లోతుకు పోయే కొద్దీ కర్ణభేరి వెనక ఉన్న గాలి నలిగి చెవి పోటు మొదలవుతుంది. పది మీటర్ల లోతుకే ఒత్తిడి రెట్టింపు అవుతుంది. 600 మీటర్లంటే అరవై రెట్ల మాట.

సీల్ ఈ చిక్కును విప్పుకున్న తీరు చూస్తే ముచ్చటేస్తుంది. దాని మధ్య చెవి గోడలకు లోపల రక్తంతో నిండే మెత్తటి పొర ఉంటుంది. సీల్ లోతుకు దిగుతుంటే ఆ పొర ఉబ్బి, నలిగిపోయిన గాలి వదిలిన చోటును నింపేస్తుంది. లోపలి ఒత్తిడి, బయటి ఒత్తిడి సమానమవుతాయి. బయటి చెవి రంధ్రం మూసుకుపోతుంది. ఇక ధ్వని ఆ రంధ్రం గుండా కాకుండా కండ, ఎముకల గుండా లోపలి చెవికి చేరుతుంది. పైకి రాగానే రంధ్రం తెరుచుకుని మామూలు చెవి అయిపోతుంది. ఒకే చెవి, రెండు లోకాలు. వెడెల్ సీల్‌కు పైకి కనబడే చెవి డొప్ప కూడా లేదు, ఈదేటప్పుడు అడ్డం కాకుండా. సర్కస్‌లలో బంతి ఆడించేవి సాధారణంగా సీ లయన్లు. వాటికి చిన్న డొప్ప ఉంటుంది, తేడా గుర్తుపట్టడానికి అదే తేలిక దారి.

మరి నీళ్లలో నోరు తెరవకుండా అరవడం ఎలా? సీల్ నోరు, ముక్కు మూసుకునే ఉంటుంది, బుడగ కూడా సాధారణంగా బయటికి రాదు. ఉన్న గాలినే గొంతులో అటూ ఇటూ తిప్పుతూ స్వరపేటికను అదిలిస్తుంది. గొంతు, ఛాతీ కదలడం మాత్రం కనిపిస్తుంది.

వెడెల్ సీల్ పిలుపు దగ్గరలో 193 డెసిబెల్స్ దాకా కొలిచారు. ఈ అంకె చూసి జెట్ విమానంతో పోల్చేస్తుంటారు, అది తప్పు. నీటి డెసిబెల్, గాలి డెసిబెల్ ఒకటి కావు. నీటి లెక్కలోంచి సుమారు 62 తీసేస్తే గాలి లెక్క వస్తుంది. అయినా 130 దాటుతుంది, అదేం తక్కువ కాదు. ఇంత అరుపు ఎందుకంటే, జతకట్టే కాలంలో మగ సీల్ మంచు పగుళ్ల కింద కొంత నీటిని తనదిగా కాపాడుకుంటుంది. దాని పొడవాటి 'ట్రిల్' ఇంకో మగదానికి హెచ్చరిక, ఆడదానికి ఆహ్వానం. భూమికి పట్టా కాగితం ఉన్నట్టు, ఇక్కడ పట్టా ఆ గొంతే. ఇంకో మాట, ఒక తీరపు సీల్స్ పిలుపులకూ, దూరాన ఇంకో తీరపు సీల్స్ పిలుపులకూ తేడా ఉంటుంది. మన యాసల్లాగే.

ఈ పిలుపుల్లో 34 రకాలు అప్పటికే లెక్కలో ఉండేవి. 2017లో ఒరెగాన్ యూనివర్సిటీకి చెందిన పాల్ జికో బృందం మెక్‌ముర్డో మంచు కింద నీటి మైకు పెట్టింది. మనిషి చెవికి అందే 20 కిలోహెర్ట్జ్ దాటి కూడా అది వినగలదు. 2020 చివర్లో ఫలితాలు అచ్చయ్యాయి. మనకు అసలే వినిపించని తొమ్మిది రకాల పిలుపులు దొరికాయి, కొన్ని 50 కిలోహెర్ట్జ్ దగ్గరికి పోతున్నాయి. ఇన్నేళ్లూ పాత పరికరాలు మనిషి వినికిడి మేరకే రికార్డు చేస్తూ వచ్చాయి, సీల్స్ మాత్రం వాటి పని అవి చేసుకుంటూనే ఉన్నాయి.

అల్ట్రాసౌండ్ అనగానే గబ్బిలం గుర్తొస్తుంది. సీల్ కూడా ప్రతిధ్వనితో చేపను వెతుకుతోందా? ఆ మాట చెప్పడానికి గట్టి ఆధారం ఇంతవరకు లేదు. వేటలో దానికి సాయం చేసేది మీసం. 2001లో జర్మన్ పరిశోధకులు హార్బర్ సీల్ కళ్లకు గంతలు కట్టి, చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టి, చిన్న బొమ్మ సబ్‌మెరైన్‌ను ముందు పంపించారు. అది వదిలిన నీటి అలజడిని మీసాలతో పసిగట్టి సీల్ దాని వెంటే పోయింది.

గొంతు లేకుండా మాట్లాడేవీ ఉన్నాయి. బ్రిటన్ దగ్గర ఫార్న్ దీవుల్లో గ్రే సీల్ నీళ్లలో రెండు ముందు తెడ్లను చరిచి చప్పట్లు కొడుతుంది. బెన్ బర్విల్ అనే డైవర్ దాన్ని కెమెరాలో పట్టడానికి ఏళ్ల తరబడి తిరిగారు, 2020లో అది పత్రికకెక్కింది.

ఇప్పుడు అసలు బాధకు వద్దాం. ఉత్తర ధ్రువం వైపు గడ్డపు సీల్ అని ఒకటి ఉంది. వసంతంలో మగవి పాడే పాట 20 కిలోమీటర్లకు పైగా వినిపిస్తుంది. అలాస్కా వేటగాళ్లు తెడ్డు నీళ్లలో ముంచి, పిడిని చెవికి ఆనించి ఆ పాట వినేవాళ్లు. ఇప్పుడు ఆర్కిటిక్‌లో మంచు తగ్గుతోంది, ఓడల దారులు తెరుచుకుంటున్నాయి. ఓడ ప్రొపెల్లర్ మోత కూడా ఆ పాటలాగే చాలా దూరం పోతుంది. అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ పరిశోధకులు అలాస్కా తీరంలో రికార్డు చేసిన వేల పిలుపులను పరిశీలించి 2021లో ఒక సంగతి చెప్పారు. చుట్టూ మోత పెరిగితే ఈ సీల్స్ గొంతు పెంచుతాయి. కానీ ఒక హద్దు దాకానే. ఆ తర్వాత మోత పెరుగుతూ పోయినా గొంతు పెరగదు, అప్పటికే అది ఉన్న బలమంతా వాడేసి ఉంటుంది. ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ఫోన్ మాట్లాడేవాడు కాసేపు అరిచి, చివరికి 'మళ్లీ చేస్తా' అని పెట్టేస్తాడు. సీల్‌కు మళ్లీ చెయ్యడం కుదరదు, జతకట్టే కాలం కొన్ని వారాలే. పిలుపు వినిపించే దూరం తగ్గితే, వినే ఆడ సీల్స్ కూడా తగ్గుతాయి.

ఇందులో కాస్త ఊరట కూడా ఉంది. ఇంగ్లండ్ తూర్పు తీరంలో గాలిమరల కోసం సముద్రంలో భారీ స్తంభాలు దించుతుంటే హార్బర్ సీల్స్ 25 కిలోమీటర్ల దూరం దాకా తప్పుకున్నాయని లెక్క తేలింది. కానీ సుత్తి ఆగిన రెండు గంటల్లోనే తిరిగి వచ్చేశాయి. జర్మనీ వైపు సముద్రంలో ఇలాంటి పనికి స్తంభం చుట్టూ అడుగు నుంచి గాలి బుడగల తెర వదులుతున్నారు. ధ్వని ఆ బుడగల్లో చిక్కుకుని చాలావరకు నీరసపడుతుంది. ఓడల సంగతి ఇంకా తేలిక: చాలా ఓడలు వేగం తగ్గిస్తే చాలు, మోత కూడా తగ్గుతుంది.